విల్లు ఎందుకు విరిగింది?

పిల్లలూ! వెదురు బద్దను వంచి, పురికొస కట్టి, చీపురు పుల్లను బాణంగా వేసి ఆడుకోని వారు మీలో ఎవరూ ఉండరు. ఆ విల్లు రెండు రోజులు చక్కగా పనిచేస్తుంది. మూడో రోజున ఒకచోట మడతపడి సోలిపోతుంది, లేదా ఫెళ్ళున విరుగుతుంది. ఎందుకు విరిగిందని అడిగితే “బద్ద మంచిది కాదు” అంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అది తప్పని ఒక విరిగిన విల్లే నాకు నేర్పింది.

మా ఈపూరులో వైజ్ఞానిక ప్రదర్శన కోసం, స్థితిస్థాపకత పాఠాన్ని కళ్ళకు కట్టినట్టు చూపాలని, విద్యార్థులతో కలిసి ఒక పెద్ద విల్లు తయారుచేశాను. లోపల కర్ర, దాని మీద అతికిన వెదురు బద్ద. వంపు ఇంకా సరిచేస్తుండగానే తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు, “సార్, కింది రెక్క ఒకచోట మోచెయ్యిలాగా వంగుతోంది సార్” అన్నాడు. మరునాడే ప్రదర్శన. “ఏం కాదులేరా, ఇంకో రెండంగుళాలు లాగి చూద్దాం” అన్నాను. లాగాను. విల్లు సరిగ్గా వాడు చూపించిన చోటే విరిగింది. ఒక ముక్క ఎగిరి వాడి చెవి పక్కగా పోయి గోడకు తగిలింది. అది కాస్త ఇటుగా వచ్చి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ పిల్లవాడు చూసినదేమిటి? నేను చూడనిదేమిటి? అదే ఈ వ్యాసం.

వీపు, కడుపు

విల్లును ఎక్కుపెట్టినప్పుడు గురి వైపున్న భాగాన్ని వీపు అనీ, విలుకాడి వైపున్న భాగాన్ని కడుపు అనీ అందాం. పిడికి పైన ఒక రెక్క, కింద ఒక రెక్క ఉంటాయి. నారి లాగగానే వీపు సాగుతుంది, కడుపు నొక్కుకుపోతుంది. అనగా ఒకే కర్రలో ఒక పక్క తన్యత, మరో పక్క సంపీడనం. ఈ రెండింటి నడుమ సాగనిదీ నొక్కుకోనిదీ అయిన పొర ఒకటి ఉంటుంది. దానిని తటస్థ తలం అంటారు.

కనుక వీపుకు సాగుడును తట్టుకునేది, కడుపుకు నొక్కుడును తట్టుకునేది కావాలి. ఈ పనిని ప్రకృతి ఒక చెట్టులోనే చేసిపెట్టింది. యూరపులోని యూ చెట్టు బయటి లేత కర్ర సాగుడును, లోపలి చేవ కర్ర నొక్కుడును బాగా ఓర్చుకుంటాయి. 1545లో మునిగి, 1982లో బయటికి తీయబడిన ‘మేరీ రోజ్’ అనే ఇంగ్లీషు యుద్ధనౌకలో ఇటువంటి యూ విల్లులు నూటికి పైగా దొరికాయి. విల్లు చరిత్ర అంతకంటె ఎంతో పాతది. డెన్మార్కులో హోల్మగార్డ్ అనే చోట 1944లో బురదనేలలో దొరికిన ఎల్మ్ కర్ర విల్లుల వయస్సు సుమారు 9,000 ఏళ్ళు.

మనకు యూ చెట్టు లేదు, వెదురు ఉంది. మా ఊరి నుంచి వినుకొండ దాటి పడమటికి పోతే నల్లమల మొదలవుతుంది. అక్కడి చెంచులు తరతరాలుగా విల్లంబులతో బతికినవారు. వారి జీవితాన్ని గురించి హైమెన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రజ్ఞుడు రాసిన పుస్తకం 1943లో వెలువడింది. భూటాన్‌లో సంప్రదాయపు విల్లు వెదురుదే. జపానువారి విల్లులో నడుమ కర్ర, రెండు పక్కలా వెదురు ఉంటాయి. దాని పొడవు 2 మీటర్లకు పైమాటే.

వెదురులో ఇంత విశేషమేమిటి? ఒక వెదురు ముక్కను అడ్డంగా కోసి చూడండి. నల్లని చుక్కలు కనిపిస్తాయి. అవి నారల కట్టలు. లోపలి వైపు దూరదూరంగాను, పచ్చని చర్మం దగ్గర కిక్కిరిసిపోయీ ఉంటాయి. ఏ పొర అందరికంటె ఎక్కువ సాగాలో, ఆ పొరలోనే నార ఎక్కువ! అందుకే వెదురు చర్మాన్ని వీపుగా ఉంచి, లోపలి మెత్తని భాగాన్ని తీసివేయాలి. చర్మాన్ని మాత్రం గీయరాదు. కణుపుల దగ్గర ఉబ్బును కొద్దిగా నునుపు చేయవచ్చు గాని, చదునుగా చెక్కితే నారలు తెగిపోతాయి.

తయారీ

మా రెండో విల్లు ఇలా చేశాం. బాగా ముదిరి ఎండిన వెదురును మేదరి చేత చీల్పించి, 4 సెంటీమీటర్ల వెడల్పు బద్దను తీసుకున్నాం. లోపలి వైపు చిత్రిక పట్టి 4 మిల్లీమీటర్ల మందానికి తెచ్చాం. అంతకంటె మందంగా ఉంచితే వెదురు బలానికి కడుపు కర్ర నలిగిపోతుంది. కడుపుకు పాత బండి నొగ నుంచి తీసిన తడ కర్ర వాడాం. ధామన్ అని పిలిచే ఈ కర్ర స్థితిస్థాపకతకు పేరుపొందింది. బండి నొగలకు, గొడ్డలి కాములకు దీనిని వాడటం అందుకే. కర్రలో నార ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా సాగాలి. రెంటి నడుమ ఎపాక్సీ జిగురు పూసి, సైకిలు ట్యూబు పట్టీలతో బిగించి ఒక రోజు వదిలేశాం. విల్లు పొడవు 170 సెంటీమీటర్లు. వెడల్పును కొనల వైపు క్రమంగా తగ్గించి, నారి నిలవడానికి కొప్పులు కోశాం.

ఇంతవరకూ వడ్రంగం. ఇక శాస్త్రం మొదలు.

వంపు సరిచేయడం

ఈ పనిని ఇంగ్లీషులో టిల్లరింగ్ అంటారు. గోడకు ఒక కొయ్య బిగించి, దానిపై విల్లు పిడిని ఆనించాలి. నారికి తాడు కట్టి, కింద ఉన్న కప్పీ గుండా పోనిచ్చి, దూరంగా నిలబడి లాగాలి. వెనుక గోడ మీద సుద్దతో గళ్ళు గీసి ఉంచితే, రెండు రెక్కలూ సమానంగా వంగుతున్నాయో లేదో తెలిసిపోతుంది.

ఎక్కడ వంగకుండా బిర్రుగా ఉందో అక్కడ కడుపు వైపు కొద్దిగా గీయాలి. ఎక్కడ ఎక్కువ వంగుతోందో ఆ చోటును ముట్టుకోరాదు. ఎందుకంటే తీసిన కర్రను మళ్ళీ అతికించలేం! బలహీనమైన చోటును కాపాడే మార్గం ఒక్కటే. బలమైన చోట్లను తగ్గించి అవి కూడా పని పంచుకునేటట్లు చేయడం. గీసిన ప్రతిసారీ ముప్పై సార్లు మెల్లగా లాగి వదలాలి. తేడా కనిపించగానే ఆగాలి. అది సరిపడిన తరువాతనే మరో అంగుళం లాగాలి.

గీయడం ఎంత జాగ్రత్తగా చేయాలో ఒక లెక్క చెబుతుంది. బద్ద గట్టిదనం దాని వెడల్పును బట్టి మామూలుగానే మారుతుంది గాని, మందాన్ని బట్టి ఘనంగా మారుతుంది. 16 మిల్లీమీటర్ల మందంలో 1 మిల్లీమీటరు తీస్తే 15 ఘనాన్ని 16 ఘనంతో భాగించాలి. జవాబు సుమారు 0.82. అంటే ఒక్క మిల్లీమీటరుతో నూటికి 18 వంతుల గట్టిదనం పోయింది.

మరి మోచెయ్యి వంపు ఎందుకు ప్రమాదం? బద్దను వంచినప్పుడు దాని పైపొర ఎంత వంతు సాగుతుందో తెలియాలంటే, మందంలో సగాన్ని వంపు వ్యాసార్ధంతో భాగించాలి. దీనినే వికృతి అంటారు. 16 మిల్లీమీటర్ల బద్ద 1 మీటరు వ్యాసార్ధంతో వంగితే వికృతి 8/1000, అనగా నూటికి 0.8 వంతు. సాధారణంగా కర్రలు నూటికి 1 వంతు దగ్గరకు వచ్చేసరికి తమ హద్దు చేరుకుంటాయి. కాబట్టి ఇది క్షేమమే. కాని ఒక్కచోట అర మీటరు వ్యాసార్ధంతో వంగితే అక్కడ వికృతి 1.6 వంతులు! మిగిలిన విల్లంతా సుఖంగా ఉండగా, ఆ జానెడు మేర హద్దు దాటిపోతుంది. మా మొదటి విల్లు విరిగింది కర్ర చెడ్డదై కాదు. అందరి పనినీ ఒకే చోట మోపడం వల్ల.

బాణానికి అందే శక్తి

నారిని ఎంత దూరం లాగితే బలం దాదాపు అంత పెరుగుతుంది. ఇది ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన నియమానికి దగ్గరగా ఉంటుంది. 50 సెంటీమీటర్లు లాగినప్పుడు స్ప్రింగు త్రాసు 12 కిలోలు, అనగా సుమారు 120 న్యూటన్లు చూపిందనుకోండి. సగటు బలం 60 న్యూటన్లు. విల్లులో నిలవ అయిన స్థితిజ శక్తి 60 × 0.5 = 30 జౌళ్ళు. ఇందులో 21 జౌళ్ళు 30 గ్రాముల బాణానికి గతిజ శక్తిగా అందితే, అది సెకనుకు 37 మీటర్ల వేగంతో పోతుంది. గంటకు 130 కిలోమీటర్లకు పైగా!

బాణం లేకుండా నారిని ఎన్నడూ వదలకండి. బాణానికి పోవలసిన శక్తి విల్లులోనే తిరగబడి దానిని విరుస్తుంది. ఎంత చిన్న బాణమైనా మనిషి మీదికీ, పశుపక్ష్యాదుల మీదికీ గురిపెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. విలువిద్య మీద మక్కువ ఉంటే శిక్షకుని వద్ద నేర్చుకోండి. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది. నేటి పోటీ విల్లుల రెక్కలకు గాజునార, కార్బన్ నార వాడతారు. వాటిలోనూ నారకు అప్పగించిన పని అదే.

మా రెండో విల్లుకు పదిహేను రోజులు పట్టింది. ప్రదర్శన ఎప్పుడో అయిపోయింది. అయినా తొందరపడలేదు. తాడు లాగేవారంతా దూరంగా నిలబడ్డారు, కళ్ళకు అద్దాలు పెట్టుకున్నారు. వంపు చూసి “ఆపండి” అనే అధికారం మొదట హెచ్చరించిన ఆ పిల్లవాడికే ఇచ్చాను. వాడు పదకొండుసార్లు ఆపమన్నాడు. పదకొండుసార్లూ ఆగాను. ఆ విల్లు ఇప్పటికీ విరగలేదు.

మీరు చేసి చూడండి: ఒకే పొడవు గల రెండు సన్నని వెదురు బద్దలు తీసుకోండి. ఒకదానిని అంతటా సమానంగా నునుపు చేయండి. రెండోదానిని నడుమ ఒక్కచోట మాత్రం పలుచగా గీయండి. పెద్దవారి ఎదుట, కళ్ళకు అద్దాలు పెట్టుకొని, రెండింటినీ మెల్లగా వంచండి. ఏది ముందు విరిగింది? ఎక్కడ విరిగింది? ఎందుకు విరిగిందో ఇప్పుడు మీరే చెప్పగలరు.