పూర్వకథ – ప్రేక్షకుడి తీర్పు

జనం మనసులో ఒక కథ స్థిరపడిన తరువాత, దానికి ముందు ఏం జరిగిందో చెప్పే మరో కథను తయారుచేయడం సినిమా పరిశ్రమకు రివాజయింది. ప్రీక్వెల్ అంటున్న ఈ ప్రక్రియను మనం పూర్వకథ అనుకోవచ్చు. ఇటువంటి చిత్రాల మీద తరచు వినిపించే ఫిర్యాదు ఒకటుంది: ‘ముగింపు ముందే తెలుసు, ఇక చూడడానికేముంది?’ ఈ మాట పైకి న్యాయంగానే కనబడుతుంది. కాని పరిశీలనకు నిలవదు. ఆ ఫిర్యాదు వెనక ఉన్న అసలు అసంతృప్తి ఏమిటో తెలుసుకోవడం రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ అవసరం. గతాన్ని వస్తువుగా స్వీకరించే ప్రతి రచయితా ఏదో ఒకనాడు ఈ సమస్యను ఎదుర్కోక తప్పదు.

ఈ చర్చకు ‘ది థింగ్’ మంచి ఉదాహరణ. 1938లో జాన్ డబ్ల్యు. క్యాంప్‌బెల్ రాసిన పెద్దకథ దీనికి మూలం. 1951లో ఒకసారి తెరకెక్కిన ఈ కథను జాన్ కార్పెంటర్ 1982లో మళ్ళీ తీశాడు. అంటార్కిటికా మంచులో ఒక అమెరికన్ పరిశోధన కేంద్రం, అందులో పన్నెండు మంది మగవాళ్ళు. ఒక కుక్క పరుగెత్తుకుంటూ అక్కడికి వస్తుంది. దాన్ని చంపాలని నార్వే దేశస్థులు హెలికాప్టర్‌లో తరుముకొస్తారు. ఆ కుక్క కుక్క కాదు, వేరే లోకపు జీవి. ఏ ప్రాణిని కబళిస్తే ఆ ప్రాణి రూపం ధరించగలదు. ఇక ఆ పన్నెండు మందిలో ఎవరు మనిషో ఎవరు కాదో తెలియదు. వికృత రూపాలు పుట్టించే జుగుప్స కంటె, పక్కవాడి మీద నమ్మకం చచ్చిపోవడంలో ఉన్న భయమే ఆ చిత్రానికి ప్రాణం. చివరకు తగలబడుతున్న స్థావరం ముందు ఇద్దరు మిగులుతారు. వాళ్ళలోనైనా ఇద్దరూ మనుషులేనా అన్నది చిత్రం తేల్చదు.

ఆనాటి ప్రేక్షకులు దీన్ని ఆదరించలేదు. రెండు వారాల ముందే విడుదలైన స్పీల్‌బర్గ్ ‘ఇ.టి.’లో వేరే లోకపు జీవి పిల్లల స్నేహితుడు. జనం ఆ స్నేహంలో మునిగి ఉన్నారు. సమీక్షకులు కార్పెంటర్ చిత్రంలో బీభత్సమే చూశారు. కోటిన్నర డాలర్లతో తీసిన చిత్రానికి అమెరికాలో వచ్చింది రెండు కోట్ల లోపే. ఆ తరువాత వీడియో క్యాసెట్ల ద్వారా, టెలివిజన్ ద్వారా అదే చిత్రాన్ని మళ్ళీమళ్ళీ చూసిన జనమే దానికి ఉత్తమ స్థానం ఇచ్చారు. ప్రేక్షకుడి మొదటి తీర్పే తుది తీర్పు కాదన్న సత్యం ఇక్కడ గుర్తుంచుకోదగింది.

2011లో మాథిస్ వాన్ హైనింగెన్ జూనియర్ దర్శకత్వంలో దీనికి పూర్వకథ వచ్చింది. పేరు కూడా అదే, ‘ది థింగ్’. దాంతో చాలామంది ఇది పాత చిత్రాన్నే మళ్ళీ తీసినదనుకున్నారు. నార్వే వాళ్ళ స్థావరంలో ఏం జరిగిందన్నది దాని ఇతివృత్తం. సుమారు మూడు కోట్ల ఎనభై లక్షల డాలర్లు ఖర్చు చేస్తే, టిక్కెట్ల మీద ప్రపంచమంతటా కలిపి ఆ మొత్తమైనా రాలేదు. ప్రేక్షకుల స్పందన ఏకముఖంగా లేదన్నదీ నిజమే. మూల చిత్రం పట్ల దర్శకుడు చూపిన శ్రద్ధను మెచ్చినవారున్నారు. ప్రధాన పాత్రకు స్త్రీని తీసుకోవడాన్ని మెచ్చినవారున్నారు. ఆ జీవి లోహాన్ని అనుకరించలేదు గనుక, పళ్ళలో సిమెంటు, లోహం నింపినచోట్లు చూసి మనిషిని గుర్తుపట్టే ఘట్టాన్ని మెచ్చినవారూ ఉన్నారు. అయినా అసంతృప్తిదే పైచేయి అయింది. దానికి కారణాలు రెండు.

మొదటిది శ్రమకు సంబంధించింది. 1982 చిత్రంలోని భయంకర రూపాల్ని రాబ్ బాటిన్ అనే ఇరవై రెండేళ్ళ యువకుడు తన బృందంతో రబ్బరుతో, రసాయనాలతో, తీగలతో చేతిపనిగా తయారుచేశాడు. నటుడి ముందు ఆ రూపం నిజంగానే ఉండేది. 2011 చిత్రానికీ అలెక్ గిలిస్, టామ్ వుడ్రఫ్ జూనియర్ అనే ఇద్దరు నిపుణులు అటువంటి బొమ్మలే తయారుచేశారు. చిత్రీకరణ అయ్యాక వాటిలో ఎక్కువ భాగాన్ని కంప్యూటర్ బొమ్మలతో కప్పేశారు. ఆ నిపుణులు తమ పనిని చూపే వీడియోలు బయటపెట్టినప్పుడు, తాము చూడలేకపోయిందేమిటో ప్రేక్షకులకు తెలిసింది. 2013లో ఆ నిపుణులు సొంతంగా ఒక చిత్రం తలపెడితే జనం చందాలుగా 3,80,000 డాలర్లకు పైగా ఇచ్చారు. చేతి నైపుణ్యం మీద ప్రేక్షకుడికి ఉన్న గౌరవానికి ఇది నిదర్శనం. కాని 2015లో వచ్చిన ఆ చిత్రానికీ గొప్ప పేరు రాలేదు. కథలో బలం లేకపోతే నిపుణుడి చెయ్యి ఒక్కటీ దాన్ని నిలబెట్టలేదు. కాబట్టి మొదటి కారణం నిజమే అయినా చాలదు.

రెండో కారణం మనకు ముఖ్యం. 1982 చిత్రంలో అమెరికన్లు నార్వే స్థావరానికి వెళ్ళి చూస్తారు. కాలిపోయిన గదులు, తలుపులో దిగబడిన గొడ్డలి, కుర్చీలో గడ్డకట్టిన శవం, లోపల ఖాళీగా ఉన్న మంచుదిమ్మ, రెండు ముఖాలు కలిసిపోయిన ఒక కళేబరం వాళ్ళకు కనిపిస్తాయి. ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. ఆ శకలాలను కూర్చుకుని కథ అల్లుకునే పని ప్రేక్షకుడిది. అల్లుకుంటున్నకొద్దీ అతని భయం పెరుగుతుంది. 2011 చిత్రం ఆ వస్తువులన్నింటినీ జాబితా రాసుకున్నట్టు తీసుకుని, గొడ్డలి తలుపులోకి ఎలా వచ్చిందో, రెండు ముఖాలు ఎలా కలిశాయో వరసగా చూపిస్తుంది. ప్రతి ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. ఆ జవాబుతో మూలకథలోని మనుషుల గురించి మన అవగాహన మాత్రం పెరగదు. ప్రేక్షకుడు ముప్పై ఏళ్ళుగా తన ఊహతో నింపుకున్న ఖాళీని ఇంకొకడు వచ్చి పూడ్చిపోయాడు. అతని కోపం అందుకు.

రిడ్లీ స్కాట్ స్వయంగా తీసిన పూర్వకథకూ కొంతవరకు ఇదే జరిగింది. 1979లో ఆయన తీసిన ‘ఏలియన్’లో, కుర్చీతో కలిసిపోయి శిలలా మారిన ఒక మహాకాయం కనిపిస్తుంది. అదెవరో తెలియదు. 2012లో వచ్చిన ‘ప్రొమీథియస్’ అది ఒక తొడుగు మాత్రమేననీ, లోపల ఉండేది మనిషి వంటివాడేననీ చెప్పింది. ఆ చిత్రానికి నలభై కోట్ల డాలర్లు వచ్చాయి. అయినా ఆ రహస్యం చిన్నదైపోయిందని బాధపడినవారు తక్కువమంది కాదు. అంటే వసూళ్ళు వేరు, తృప్తి వేరు.

ఇక ముగింపు ముందే తెలియడం సంగతి. రాత్రల్లా జముకుల కథ వినే మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల ప్రజలకు ముగింపు తెలియని కథ అరుదు. తెలిసీ వింటారు, తెలిసీ ఏడుస్తారు. మన సాహిత్యంలో పూర్వకథ కూడా కొత్తది కాదు. రావణుడు చచ్చి, పట్టాభిషేకం అయ్యాక, ఉత్తరకాండలో అగస్త్యుడు రాముడికి రావణుడి పూర్వవృత్తాంతం చెబుతాడు. తిక్కన, కంకంటి పాపరాజు ఈ ఉత్తర రామాయణాన్నే కావ్యాలుగా రాశారు. వేదవతి ఉదంతం విన్న తరువాత రావణ వధ మనకు ఒక వీరుడి విజయంగా మాత్రమే కనిపించదు, అవమానింపబడిన ఒక స్త్రీ పక్షాన జరిగిన తీర్పుగా కూడా కనిపిస్తుంది. జరిగింది మారలేదు, దాని అర్థం మారింది. రాజమౌళి ‘బాహుబలి’ రెండో భాగం ఎక్కువగా మొదటి భాగానికి ముందు జరిగిన కథే. కట్టప్ప పొడిచాడన్న సంగతి 2015లోనే తెలిసిన ప్రేక్షకుడు, ఎందుకు పొడిచాడో తెలుసుకోడానికి 2017 దాకా ఎదురుచూశాడు. ఆ జవాబులో బానిసత్వం ఉంది, అధికారం ఉంది, ఒక తల్లి పొరపాటు ఉంది. అందుకే అది చెల్లింది.

కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ ఈ విషయంలో మనకు పాఠ్యగ్రంథం. కథ నడిచేది ఒక అప్పు తగవు మీద. పంచాయతీ ముందు అప్పల్రాముడు చెప్పుకునే గతమంతా ఆ అప్పుకు పూర్వకథే. ఆ గతం విన్నకొద్దీ, ధర్మంగా కనిపించిన తీర్పు మన కళ్ళముందే అధర్మంగా మారుతుంది. ముగింపు తెలిసి రెండోసారి చదివినవాడికి ఆ కథ మరింత బరువెక్కుతుందే తప్ప తేలిక పడదు.

గొడ్డలి ఎలా దిగబడిందో చెప్పడం సమాచారం. ఆ గొడ్డలి ఎత్తవలసిన స్థితి ఎలా వచ్చిందో చెప్పడం సాహిత్యం. పూర్వకథకు ఇదే గీటురాయి: అది చదివాక మనకు తెలిసిన వర్తమానం మీద మన తీర్పు మారుతోందా, లేదా?

మన ప్రాంత రచయితలకు ఇది కేవలం సినిమా ముచ్చట కాదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న తుపాకి గుళ్ళకు బలయ్యారు. ఆ తరువాత శ్రీకాకుళంలో జరిగింది, అది ముగిసిన తీరు పాఠకులకు తెలుసు. ఆ రోజులకు ముందటి జీవితాన్ని కథగానో నవలగానో రాయబూనే యువరచయిత చేతిలోనూ ముగింపు తెలిసిన కథే ఉంది. తేదీలు, తుపాకులు, దారులు సరిచూసుకుని రాసినంత మాత్రాన అది జాబితా అవుతుంది. కొండమీది మనిషి ఏ ధరకు పంట అమ్ముకున్నాడో, ఏ అప్పుకు భూమి పోగొట్టుకున్నాడో, ఊరేగింపుకు బయలుదేరే ముందు అతనికి మిగిలిన దారులేవో చూపించగలిగితే, ముగింపు తెలిసిన పాఠకుడు కూడా ‘ఇలా కాకుండా జరగగలిగేదా?’ అని తనను తాను ప్రశ్నించుకుంటాడు. ఆ ప్రశ్న పుట్టించలేని పూర్వకథకు రబ్బరు బొమ్మ వాడినా, కంప్యూటర్ బొమ్మ వాడినా ఒకటే.