అప్పు లేని క్రిస్మస్

డిసెంబరు వచ్చిందంటే కాకినాడ పేటల్లో ఇళ్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి. ఈ ఊరికి ఈ పండుగ కొత్త కాదు. కెనడా బాప్టిస్టు మిషనరీ జాన్ మెక్లారిన్ 1874లోనే ఇక్కడికి వచ్చాడు.

పండుగంటే అందరికీ కొత్త బట్టలు, కేకు, బిర్యానీ. చేతిలో డబ్బు లేకపోతే అప్పు. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి 5000 తెచ్చారనుకోండి. నెలకు వడ్డీ 150. ఏడాదికి 1800. మళ్లీ క్రిస్మస్ వచ్చేసరికి అసలు అలాగే ఉంటుంది. పోయినేటి కేకు ఎవరికి గుర్తుంది?

అందుకే ఉన్న డబ్బెంతో పిల్లలకు ముందే చెప్పండి. చెప్పకపోతే తెలియదనుకుంటాం గాని, వాళ్లకి అన్నీ తెలుసు! కొత్త బట్టలు పిల్లలకే. పెద్దవాళ్లకు ఉతికినవి చాలు.

నక్షత్రం కొనక్కర్లేదు. 5 వెదురు బద్దలతో ఒక చుక్క కట్టాలి. అలాంటివే రెండు. 5 మొనల దగ్గర రెండింటినీ కలిపి కట్టాలి. మధ్యలో చిన్న పుల్లలు నిలబెడితే ఉబ్బుగా వస్తుంది. మైదా జిగురుతో రంగు కాగితం అంటించాలి. బల్బు కాగితానికి తగలకూడదు. అంటుకుంటుంది.

జంతికలు, అరిసెలు ఇంట్లోనే వండి, పక్కింటి వాళ్లకూ పంచవచ్చు.

రాత్రికి బైబిలు తీయండి. లూకా సువార్త, రెండో అధ్యాయం. ఇన్నాళ్లూ పాస్టరు గారు చదివితే విన్నారు. ఇప్పుడు అమ్మే చదువుతుంది. సత్రంలో చోటు లేదు. బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. చూడటానికి ముందు వచ్చింది గొర్రెల కాపరులే. పిల్లలు తలకు తువ్వాళ్లు చుట్టుకుని కాపరులవుతారు. గొర్రె ఎవరన్న దగ్గరే తగువు.