పొయ్యి ఎక్కించని ఓట్స్

రాత్రి పడుకునే ముందు గిన్నెలో ఓట్స్ వేసి, పాలో పెరుగో కలిపి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి మెత్తగా, చిక్కగా ఉంటాయి. ఉడికించలేదు కదా, పచ్చి గింజ తిన్నట్టే కాదా అని చాలామంది సందేహపడతారు. కాదు. ఆ రేకులు ప్యాకెట్‌లోకి చేరకముందే ఆవిరిలో మగ్గాయి.

దానికి కారణం ఓట్స్‌లోని కొవ్వు. గోధుమలో కొవ్వు 2 శాతం దగ్గర ఉంటే, ఓట్స్‌లో 5 నుంచి 9 శాతం వరకూ ఉంటుంది. ఆ కొవ్వును విడగొట్టే లైపేజ్ అనే ఎంజైమ్ కూడా అదే గింజలో ఉంది. గింజ నలగనంతకాలం రెండూ దూరదూరంగా ఉంటాయి. నలిగితే కలుసుకుంటాయి, కొద్దిరోజుల్లోనే పిండి చేదెక్కుతుంది. అందుకే మిల్లులో ముందు ఆవిరి పట్టి ఎంజైమ్‌ను చంపి, తర్వాత రోలర్ల మధ్య అదుముతారు. ఆ వేడికి పిండిపదార్థం కొంత ఉబ్బి, నీటిని సులువుగా పీల్చుకునే స్థితికి వస్తుంది. నానబెట్టి, వేయించి, దంచిన అటుకులు పెరుగులో వేయగానే మెత్తబడేదీ ఇందుకే.

జ్యూరిక్ వైద్యుడు మాక్సిమిలియన్ బిర్షర్-బెన్నర్ 1900 ప్రాంతంలోనే తన రోగులకు నానబెట్టిన ఓట్స్ పెట్టేవాడు. చెంచా ఓట్స్‌ను మూడు చెంచాల నీళ్లలో 12 గంటలు నానబెట్టి, తొక్కతో సహా తురిమిన ఆపిల్, నిమ్మరసం, చిక్కటి డబ్బాపాలు, నలగ్గొట్టిన గింజపప్పులు కలిపించేవాడు. అందులో ఆపిలే ప్రధానం, ఓట్స్ కొంచెమే. స్విట్జర్లాండ్‌లో ఆ వంటకం నేటికీ ఆయన పేరుతోనే ఉంది.

నానిన ఓట్స్‌కు జిగురునిచ్చేది బీటా-గ్లూకాన్ అనే పీచు. పేగుల్లో అది చిక్కబడి పైత్యరస ఆమ్లాలను పట్టుకుని బయటికి పంపేస్తుంది. వాటిని మళ్లీ తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. రోజుకు 3 గ్రాముల బీటా-గ్లూకాన్ అందితే గుండెకు మేలని ప్యాకెట్లపై చెప్పుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో అనుమతించింది. అంత అందాలంటే 60 నుంచి 80 గ్రాముల పొడి ఓట్స్ కావాలి. రెండు చెంచాలు పాలలో చల్లుకుంటే చాలదు.

రాత్రంతా నానితే ఫైటిక్ ఆమ్లం పోయి ఇనుము బాగా వంటబడుతుందన్న మాట మాత్రం ఓట్స్ విషయంలో అంతగా నిలవదు. ఆ ఆమ్లాన్ని విరిచే ఫైటేజ్ ఓట్స్‌లో అసలే తక్కువ; ఉన్న కాస్తా ఆవిరికి దెబ్బతింటుంది. పొద్దున జామపండో, నిమ్మరసమో చేర్చుకోవడం మేలు. వాటిలోని విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది.

జావ వండిపెట్టుకునేవారు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు మరిగినా చావవు; గోరువెచ్చగా ఉన్న గిన్నెలో మేల్కొని పెరుగుతాయి. మన ఎండాకాలంలో వంటగట్టు మీద రాత్రంతా వదిలేయడం ప్రమాదం. వెడల్పాటి పళ్లెంలో పోసి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో చేర్చాలి. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. చలికి పిండిపదార్థపు అణువులు మళ్లీ దగ్గరై జావ గడ్డకడుతుంది. కాసిని వేడిపాలు పోసి కలియబెడితే సర్దుకుంటుంది.

రవ్వలా తరిగిన స్టీల్‌కట్ ఓట్స్‌కు ఒట్టి చల్లని పాలు సరిపోవు. ముక్క మందం కాబట్టి లోపల గట్టిగానే మిగులుతుంది. ముందురోజు కొద్ది నిమిషాలు మరిగించి, మూతపెట్టి అరగంట ఉంచి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే, పొద్దున అయిదు నిమిషాలు వేడిచేసుకుంటే చాలు.