వార్తల్లో పదం: ఫ్యూయల్ హెడ్జింగ్

విమాన టికెట్లు నెలల ముందే అమ్ముడవుతాయి. ఇంధనం మాత్రం ఎగిరేనాటి ధరకే కొనాలి. మధ్యలో చమురు భగ్గుమంటే నష్టమే. అందుకే కొన్ని సంస్థలు రాబోయే నెలల ధరను ఒప్పందాలతో ముందే ఖాయం చేసుకుంటాయి. అదే ఫ్యూయల్ హెడ్జింగ్.

ఇందులో ఆరితేరినది అమెరికాలోని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్. 2008 జులైలో ముడిచమురు బ్యారెల్ 147 డాలర్లకు చేరినప్పుడు, ఆ సంస్థ ఇంధన అవసరాల్లో దాదాపు 70 శాతానికి 51 డాలర్ల దగ్గరే రక్షణ ఉంది. పోటీదారులు సర్వీసులు తగ్గించుకుంటుంటే అది నిలదొక్కుకుంది. డిసెంబరుకల్లా ధర 40 డాలర్ల దిగువకు జారింది. ఆదుకున్న ఒప్పందాలే భారమయ్యాయి. నా దృష్టిలో హెడ్జింగ్ బీమా, లాభాల పందెం కాదు. అమెరికాకే చెందిన మరో విమానయాన సంస్థ డెల్టా అయితే ఇంధన ఖర్చు అదుపు కోసం 2012లో ఏకంగా పెన్సిల్వేనియాలో రిఫైనరీనే కొనేసింది. సౌత్‌వెస్ట్ 2025లో హెడ్జింగ్‌కు స్వస్తి పలికింది.