‘ద రేవెన్’: చేతిలో ఉన్న మిస్టరీని వదిలేసిన థ్రిల్లర్

1849 అక్టోబర్ 3. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఆ రోజు ఎన్నికలు. పోలింగ్ కేంద్రంగా కూడా వాడుతున్న ఒక మద్యశాల దగ్గర నలభై ఏళ్ల మనిషి ఒకరు ఒంటి మీద సరిగా స్పృహ లేకుండా కనిపించారు. ఆయన వేసుకున్న బట్టలు ఆయనవి కావు. మాసిపోయి, కొలతలు కుదరక వేలాడుతున్నాయి. ఆయన్ను గుర్తుపట్టిన ఒక వ్యక్తి తెలిసిన డాక్టర్‌కు చీటీ రాసి పంపాడు. ఆస్పత్రిలో చేర్చిన నాలుగు రోజులకు, అక్టోబర్ 7న, ఆయన చనిపోయారు. ఆయనే ఎడ్గార్ అలెన్ పో.

సెప్టెంబర్ 27న రిచ్‌మండ్‌లో బయల్దేరిన పో ఆ మధ్య రోజుల్లో ఎక్కడున్నారు, ఎవరితో ఉన్నారు, ఆ బట్టలు ఎవరివి? 175 ఏళ్లు దాటినా జవాబు దొరకలేదు. డిటెక్టివ్ కథకు ఆద్యుడనిపించుకున్న రచయిత మరణమే తేలని కేసుగా మిగిలింది. ఒక థ్రిల్లర్ తీయడానికి ఇంతకంటే ఏం కావాలి? 2012లో వచ్చిన ‘ద రేవెన్’ సరిగ్గా ఈ రోజుల్నే కథాకాలంగా తీసుకుంది. ‘వి ఫర్ వెండెట్టా’ తీసిన జేమ్స్ మెక్‌టీగ్ దర్శకుడు, పో పాత్రలో జాన్ క్యూసాక్. అయినా చూసినవారికి మిగిలింది నిరాశే. ఎందుకో అర్థం కావాలంటే సినిమా ఏం చూపించిందో, ఏం వదిలేసిందో రెండూ చూడాలి. (ముగింపు ముందే తెలియడం ఇష్టంలేనివారు సినిమా చూశాకే ఇది చదవడం మంచిది.)

బాల్టిమోర్‌లో తల్లీకూతుళ్లు హత్యకు గురవుతారు. గదికి లోపలి నుంచి గడియ ఉంది, హంతకుడు మాత్రం లేడు. డిటెక్టివ్ ఫీల్డ్స్ కిటికీ మేకులో దాచిన స్ప్రింగును కనిపెట్టి, దీన్ని ఎక్కడో చదివానే అనుకుంటాడు. పో 1841లో రాసిన ‘ద మర్డర్స్ ఇన్ ద ర్యూ మోర్గ్’ కథలోని కిటికీ అది. తర్వాత మరో హత్య, మరో కథ. చివరికి హంతకుడు ముసుగుల విందులో పో ప్రియురాలు ఎమిలీని ఎత్తుకుపోయి షరతు పెడతాడు. జరుగుతున్న హత్యల మీద పో కథలు రాయాలి, అవి పత్రికలో అచ్చవ్వాలి. అప్పుడే ఆమె ఎక్కడుందో ఆచూకీ తెలుస్తుంది.

నిజానికి ఇది మంచి ఊహ. చేతిలో డబ్బులేని రచయిత, అమ్మకాలు పెరిగినందుకు లోలోపల మురిసిపోయే సంపాదకుడు, తనకు కావలసిన కథను మనుషుల్ని చంపి మరీ రాయించుకునే పాఠకుడు. హంతకుడు ఎవరో తేలాక ఇది ఇంకా పదునెక్కాలి. అతను ఆ పత్రికలోనే పనిచేసే కంపోజిటర్. పో రాసిన ప్రతి మాటనూ లోకం కంటే ముందు ఒక్కో అక్షరం ఏరి పేర్చినవాడు. రచయితకు అంతకంటే దగ్గరి పాఠకుడు ఎవరుంటారు? కానీ సినిమా అతన్ని చివరి పది నిమిషాల దాకా మూల నిలబెట్టి, ఆఖర్లో ఒక సంభాషణతో సరిపెట్టేసింది. మధ్యలో ఉన్నదంతా పొగమంచు, గుర్రపు స్వారీ, సొరంగాల్లో పరుగులు.

పో సృష్టించిన డిటెక్టివ్ ద్యుపాఁ పరుగులు తీసేవాడు కాదు. 1844 నాటి ‘ద పర్లాయిన్డ్ లెటర్’లో పోలీసులు ఒక మంత్రి ఇంట్లో దొంగ ఉత్తరం కోసం మెత్తల్లో సూదులు గుచ్చుతారు, కుర్చీల అతుకుల్ని సూక్ష్మదర్శినితో పరీక్షిస్తారు. దొరకదు. అందరి కళ్ల ముందే వేలాడుతున్న ఒక అట్టల అరలో, చిరిగిన పాత కాగితంలా అది పడి ఉంటుందని ద్యుపాఁ ఊహిస్తాడు. దాచినవాడి బుర్ర ఎలా ఆలోచిస్తుందో ముందు లెక్కవేయడమే అతని పద్ధతి. ఆ ద్యుపాఁ నుంచే షెర్లాక్ హోమ్స్ వచ్చాడు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ వరకూ ఆ వంశవృక్షం కొమ్మలు వేసింది. మరి సినిమాలో పో కనిపెట్టేది ఏమిటి? శవాన్ని చూసి తన ఏ కథో చెప్పడం. తను రాసింది తనకు గుర్తుండటం పరిశోధన ఎలా అవుతుంది?

పో నిజంగానే ఒక హత్య కేసును కథతో ఛేదించబోయారు. న్యూయార్క్‌లో ఒక చుట్టల దుకాణంలో పనిచేసిన మేరీ రోజర్స్ అనే యువతి శవం 1841 జులైలో హడ్సన్ నదిలో తేలింది. పత్రికలన్నీ దాని గురించే రాశాయి. పో ఆ పత్రికలనే సాక్ష్యాలుగా పెట్టుకుని, ఊరిని పారిస్‌గా, నదిని సేన్‌గా మార్చి ‘ద మిస్టరీ ఆఫ్ మేరీ రోజే’ రాశారు. 1842 నవంబర్ నుంచి ఒక మాసపత్రికలో అది భాగాలుగా వస్తుండగానే, ఆమె గర్భస్రావం వికటించి చనిపోయి ఉండొచ్చన్న కొత్త వార్త బయటికొచ్చింది. మూడో భాగం ఒక నెల ఆలస్యమైంది. 1845లో కథను పుస్తకంలో చేర్చేటప్పుడు ఆ అవకాశానికీ చోటుండేలా పో అక్కడక్కడా మాటలు మార్చారు. తన తర్కం తప్పిందేమోనన్న బెంగ, తప్పలేదని చూపించుకోవాలన్న పట్టుదల, అచ్చు గడువు, నిజంగా చనిపోయిన ఒక అమ్మాయి. ‘ద రేవెన్’ కల్పించుకున్న కథంతా పో జీవితంలో ఇంతకంటే చిక్కగా ముందే ఉంది.

సినిమాలో ఒక హత్య మాత్రం ప్రేక్షకుల్ని నవ్వించడానికి పెట్టినట్టుంటుంది. పో మీద కత్తిగట్టిన విమర్శకుడు రూఫస్ గ్రిస్‌వోల్డ్‌ను ‘ద పిట్ అండ్ ద పెండ్యులమ్’ కథలోలా ఊగే కత్తితో రెండుగా కోసేస్తారు. అసలు గ్రిస్‌వోల్డ్ పో కంటే ఎనిమిదేళ్లు ఎక్కువ బతికి 1857లో పోయాడు. పో పోయిన రెండో రోజే న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో ‘లుడ్విగ్’ అనే మారుపేరుతో, ఈ మరణానికి బాధపడేవాళ్లు పెద్దగా ఉండరన్న ధోరణిలో సంతాపవ్యాసం రాశాడు. తర్వాత పో రచనల సంపుటాలకు తనే సంపాదకుడై, ఉత్తరాల్లో మాటలు మార్చి, ఆయన్ను తాగుబోతుగా, నీతిలేనివాడిగా చిత్రించాడు. ఆ ఉత్తరాల్లోని మోసాన్ని 1941లో జీవితచరిత్రకారుడు ఆర్థర్ హాబ్సన్ క్విన్ బయటపెట్టారు.

ఇక సినిమాలో పో మొదట్లోనే మద్యశాలలో కనిపిస్తాడు. చేతిలో పైసా లేదు, మందు కోసం గొడవపడి గెంటించుకుంటాడు. గ్రిస్‌వోల్డ్‌ను తెర మీద నరికిన సినిమా, అతను గీసిన బొమ్మనే ఫ్రేమ్ కట్టించి పెట్టుకుంది. మద్యం పో జీవితాన్ని దెబ్బతీసిన మాట నిజమే. కానీ ఆయన వరసగా పత్రికలు నడిపిన సంపాదకుడు, పదునైన విమర్శకుడు. చనిపోవడానికి కొన్ని వారాల ముందు రిచ్‌మండ్‌లో మద్యపాన వ్యతిరేక సంఘంలో సభ్యుడయ్యారు. బాల్య స్నేహితురాలు ఎల్మీరాతో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. అలాంటి మనిషి కొన్ని రోజుల్లోనే వేరెవరి బట్టలతోనో వీధిలో దొరికాడన్నది ఎమిలీ అపహరణ కంటే పెద్ద ప్రశ్న.

దానికి జవాబులు చాలామంది వెతికారు. ఎక్కువ ప్రచారంలో ఉన్నది ఎన్నికల ముఠాల కథ. దొంగ ఓట్లు మనకు కొత్త కాకపోయినా, అప్పటి బాల్టిమోర్ పద్ధతి మరీ మొరటుది. మనిషిని ఎత్తుకెళ్లి, బలవంతంగా తాగించి, బట్టలు మార్చి ఒక్కో కేంద్రంలో ఓటేయించేవారు. దీన్ని ‘కూపింగ్’ అనేవారు. 1996లో మేరీల్యాండ్ వైద్యుడొకరు రేబిస్ లక్షణాలు కనిపిస్తున్నాయన్నారు. మెదడులో కణితి అన్నవారూ ఉన్నారు. మరణ ధ్రువపత్రం ఏదీ మిగల్లేదు కాబట్టి ఏదీ రుజువు కాలేదు.

సినిమా వీటి జోలికి పోకుండా హంతకుడి విషం తాగించి, పార్కు బెంచీ మీద పోను చంపింది. ఆస్పత్రిలో చివరి రాత్రి పో ‘రేనాల్డ్స్’ అని పదేపదే పిలిచారని వైద్యుడు జాన్ మోరన్ చెప్పారు. ఆ మోరన్ కూడా ఏళ్లు గడిచేకొద్దీ తన కథనాన్ని మారుస్తూ పోయారు. ఆ రేనాల్డ్స్ ఎవరో ఇప్పటికీ తేలలేదు. తెర మీద మాత్రం అది హంతకుడి ఇంటిపేరు. ఆ పేరు పట్టుకుని డిటెక్టివ్ పారిస్ వెళ్తాడు, గుర్రపు బగ్గీలో కాచుకుని కాల్చేస్తాడు, కేసు ముగుస్తుంది.