పట్టు విడిపించుకునే శాస్త్రం

వేసవి సెలవులు మొదలవగానే కరాటే, టైక్వాండో క్లాసుల ఫ్లెక్సీలు ప్రతి పేటలోనూ వెలుస్తాయి. ఆడపిల్లను చేర్పించాలనుకునే తల్లిదండ్రులైనా, ముప్పై దాటాక తానే నేర్చుకోవాలనుకునే ఉద్యోగినైనా అడిగేది ఒకటే: వీటిలో ఏది మంచిది? నిజానికి ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఎవరైనా మీదపడితే బయటపడేదెలా అన్నది మొదటిది. ఒంట్లో సత్తువ, దమ్ము పెంచుకునేదెలా అన్నది రెండోది. రెండోదాన్ని చక్కగా తీర్చే విద్య మొదటిదాన్ని అసలు తీర్చకపోవచ్చు. అది తీరుతుందా లేదా అన్నది విద్య పేరు కంటే నేర్పే పద్ధతి మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ముందు బలం సంగతి. 2007లో జర్మన్ పరిశోధకులు రెండు వేలమందికి పైగా యువతీయువకుల చేతి పట్టును కొలిచారు. నూటికి 90 మంది స్త్రీల పట్టు, నూటికి 95 మంది పురుషుల పట్టు కంటే తక్కువని తేలింది. జూడో, హ్యాండ్‌బాల్‌లలో జాతీయస్థాయి క్రీడాకారిణులను కూడా పరీక్షించారు. ఏళ్ల తరబడి సాధన చేసిన వారి సగటు సైతం, ప్రత్యేక శిక్షణ లేని మగవారిలో కింది పావువంతు దగ్గరే ఆగింది. కాళ్ల బలంలో ఇంత అంతరం ఉండదు. కాబట్టి చేతి బలానికి చేతి బలం ఒడ్డే పద్ధతి ఏదైనా, అది స్త్రీకి నష్టపు బేరమే.

మరి ఏం చేయాలి? చేయి పట్టుకోవడమే చూద్దాం. మణికట్టును బిగించిన చేతిలో నాలుగు వేళ్లు ఒకవైపు, బొటనవేలు మరోవైపు ఉంటాయి. అవి రెండూ కలిసే సందే ఆ పట్టులో బలహీనమైన చోటు. భయంలో ఎవరమైనా చేతిని తిన్నగా వెనక్కి లాక్కుంటాం. అప్పుడు పట్టు మొత్తంతో పెనుగులాడేది మన చేయి, భుజం మాత్రమే. అలా కాక, ముంజేతిని తిప్పి దాని సన్నని అంచును ఆ సందుకు ఎదురుగా తెచ్చి, ఒక అడుగు ముందుకు వేస్తూ మన మోచేతిని అవతలివాడి మోచేతి వైపు మడిస్తే, వాడి బొటనవేలు ఒక్కదాని మీద మన నడుము, మొండెం, కాళ్ల బలమంతా పడుతుంది. ఇది మీట సూత్రం. పది నిమిషాల్లో నేర్పవచ్చు. అయితే జోడీగా నిలబడిన స్నేహితురాలు నవ్వుతూ మెత్తగా పట్టుకున్నప్పుడు ప్రతిసారీ ఊడే ఈ పట్టు, వదలకూడదని తెగించిన చేతిలో అంత తేలిగ్గా ఊడదు. అందులోనూ వాడి రెండో చేయి జడను దొరకబుచ్చుకుంటే లెక్క మొత్తం మారిపోతుంది.

ఈ చిక్కు గురించి శ్రద్ధగా ఆలోచించినవాడు జిగోరో కానో. 1882లో టోక్యోలో ఆయన స్థాపించిన కొడోకాన్ నుంచే జూడో పుట్టింది. మనిషి గరిమనాభి నుంచి గీసిన నిలువు గీత రెండు పాదాల మధ్య జాగాలో పడుతున్నంతసేపు అతడు నిలబడగలడు. ఆ గీతను పాదాల బయటికి తప్పిస్తే, ఎంత బరువున్నవాణ్ణయినా పడేయడానికి తక్కువ బలం చాలు. జూడోలో ప్రతి విసురుకూ ముందు జరగాల్సింది ఇలా తూకం చెడగొట్టడమే. కానో చేసిన ఇంకో పని అంతకంటే విలువైనదని నా అభిప్రాయం. పాత జుజుత్సులోని ప్రమాదకరమైన దెబ్బలను సాధనలోంచి పక్కనపెట్టి, మిగిలినవాటిని పూర్తి బలంతో, ఎదుటివారు నిజంగా ప్రతిఘటిస్తుండగా అభ్యసించమన్నాడు. దాన్నే రందోరి అంటారు. కళ్లు పొడిచే, గొంతు నులిమే ప్రాణాంతక విద్యలన్నిటినీ గాలిలో వందసార్లు చేసినవారి కంటే, నాలుగే విద్యలను ఎదురుతిరిగే మనిషి మీద రోజూ ప్రయోగించేవారు ఆపద వేళ ఎక్కువ నిలదొక్కుకుంటారు.

స్త్రీలు దీన్ని అందిపుచ్చుకోవడం కొత్తేమీ కాదు. ఐదడుగులైనా లేని ఈడిత్ గారడ్ అనే ఆవిడ లండన్‌లో ఓటుహక్కు ఉద్యమకారిణులకు జుజుత్సు నేర్పింది. 1913లో ఆ ఉద్యమ నాయకురాలు ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్‌ను పోలీసులు మళ్లీ మళ్లీ అరెస్టు చేయకుండా అడ్డునిలిచిన అంగరక్షక దళానికి శిక్షణ ఇచ్చింది ఆమే. మన దేశంలో 1929లో రవీంద్రనాథ్ ఠాగూర్ జపాన్ నుంచి షింజో తకగాకిని శాంతినికేతన్‌కు రప్పించి జూడో నేర్పించినప్పుడు బాలికలూ చేరారు. అమర్త్యసేన్ తల్లి అమితా సేన్ కూడా శాంతినికేతన్‌లో జూడో నేర్చుకున్నవారే. విడ్డూరమేమిటంటే, అదే కాలంలో జపాన్‌లో స్త్రీలను పోటీలకు దూరంగా, ముందే కుదిర్చిన కదలికలైన కటాలకే పరిమితం చేశారు. కానో శిష్యురాలు కీకో ఫుకుడా బ్లాక్ బెల్టులో ఐదో స్థాయి (ఐదో డాన్) దగ్గరే చాలా ఏళ్లు ఆగిపోవాల్సి వచ్చింది.

ఎదురుతిరిగే మనిషి మీద సాధన చేయిస్తారా అన్న కొలబద్దతోనే తక్కిన విద్యలనూ చూడాలి. బ్రెజిలియన్ జుజుత్సు నేలమీద, కింద పడిన స్థితిలోంచి పోరాడటం నేర్పుతుంది. పైనున్న బరువును కాళ్లతో, తుంటితో నెట్టి తప్పించుకోవడం అందులో మూలపాఠం కనుక, స్త్రీలకున్న బలాన్ని సరైన చోట వాడుకుంటుంది. బాక్సింగ్ దూరాన్ని అంచనా వేయడం, పాదాల కదలిక, అన్నిటికీ మించి దెబ్బ తగిలినా తెల్లబోకుండా ఉండటం నేర్పుతుంది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022, 2023లలో ప్రపంచ విజేతగా నిలిచాక మన పట్టణాల్లోనూ ఆడపిల్లలు గ్లవ్స్ తొడగడం వింతగా అనిపించడం లేదు. కానీ గ్లవ్ లేని పిడికిలితో తల మీద గుద్దితే చిటికెనవేలి కింది ఎముక విరగడం ఆసుపత్రుల్లో మామూలుగా కనిపించే గాయం. వీధిలో అరచేతి మడమతో కొట్టడమే మేలు. టైక్వాండో ఎత్తు తన్నులు వ్యాయామంగా అద్భుతం, బస్సులోనో మెట్ల మీదో చీరకట్టులోనో దాదాపు నిరుపయోగం. కేరళ కలరిపయట్టు ఒళ్లును విల్లులా వంచే విద్య. వడకరకు చెందిన మీనాక్షి అమ్మ డెబ్బైల్లోనూ కర్ర, కత్తి పట్టి నేర్పుతూ 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అయితే అది ఏళ్ల సాధన కోరుతుంది. మన కర్రసాముకూ ఇదే మాట వర్తిస్తుంది. ఇక కరాటే, క్రావ్ మాగాల గురించి ఒకే తీర్పు ఇవ్వడం కుదరదు. ఒకచోట గట్టి స్పారింగ్ ఉంటుంది, మరోచోట వరుసలో నిలబడి అరుస్తూ గాలిని గుద్దడమే ఉంటుంది.

ఏ విద్య నేర్చుకున్నా, ఆపద వేళ శరీరం ఒక్కోసారి కదలనే కదలదు. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర చికిత్సాకేంద్రానికి వచ్చిన 298 మంది స్త్రీలతో జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది. దాడి సమయంలో చేతులూ కాళ్లూ బిగుసుకుపోయి కదల్లేని స్థితి 70 శాతం మందిలో గణనీయంగా కనిపించింది. ఇది పిరికితనం కాదు, సమ్మతి అంతకన్నా కాదు. తీవ్ర భయానికి నాడీవ్యవస్థ తనంతట తానుగా చూపే స్పందన. గుండె దడదడలాడుతుండగా, చెవిలో ఎవరో అరుస్తుండగా చేసే సాధనకు విలువ అందుకే. అమెరికాలో 1970లలో వచ్చిన ‘మోడల్ మగ్గింగ్’ పద్ధతిలో దళసరి కవచం తొడుక్కున్న శిక్షకుడు దాడిచేస్తే, నేర్చుకునేవారు పూర్తి బలంతో కొట్టి తప్పించుకోవాలి.

దాడి చేసేవాడు చీకట్లో ఎదురయ్యే అపరిచితుడే అనుకోవడం ఇంకో పొరపాటు. మన జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికల్లో దాదాపు ఏటా, నమోదైన అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువునో, సహోద్యోగినో గొంతు మీద కొట్టడానికి ఏ అమ్మాయికైనా చేయి రాదు. కెనడాలో షార్లిన్ సెన్ బృందం మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది మొదటి ఏడాది విద్యార్థినులతో చేసిన ప్రయోగం ఇక్కడ కీలకం. కొందరికి 12 గంటల శిక్షణ ఇచ్చారు, కొందరికి కరపత్రాలే ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే, అత్యాచారానికి గురైనవారు కరపత్రాల వర్గంలో 9.8 శాతం, శిక్షణ పొందిన వర్గంలో 5.2 శాతం. ఆ 12 గంటల్లో దెబ్బలు, విడిపించుకోవడాలు నేర్పింది రెండు గంటలే. పరిచయస్తుడి ప్రవర్తనలో ప్రమాద సూచనలను పసిగట్టడం, ‘మర్యాదగా ఉండాలి’ అన్న సంకోచాన్ని దాటడం, గొంతెత్తి గట్టిగా వద్దనడం మిగతా సమయాన్ని తీసుకున్నాయి. మన ప్రభుత్వ పాఠశాలల్లో రాణీ లక్ష్మీబాయి పేరిట బాలికలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇస్తున్నారు. ఆ వ్యవధి తక్కువేమీ కాదు. అందులో సగమైనా జెండా పండుగ ప్రదర్శనకు తయారుచేయడంలో పోకుండా, ప్రమాదాన్ని పసిగట్టి గట్టిగా వద్దనే పాఠానికి దక్కితే ఫలితం వేరుగా ఉంటుంది.

చట్టం విషయంలో అనవసర భయం వద్దు. భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షన్ ప్రకారం, అత్యాచారం, అపహరణ, ఆసిడ్ దాడి వంటివాటి నుంచి కాపాడుకునే క్రమంలో దాడిచేసినవాడి ప్రాణం పోయినా అది ఆత్మరక్షణ హక్కు పరిధిలోకే వస్తుంది. అవసరాన్ని మించిన హాని మాత్రం కూడదు. కిందపడినవాణ్ణి కసికొద్దీ కొట్టడం ఆ హక్కులోకి రాదు.

ఆరోగ్యం మాటకొస్తే లెక్క సులువు. ఊరికే కూర్చున్నప్పటి శక్తివ్యయాన్ని ఒకటిగా తీసుకుంటే, కొత్తగా నేర్చుకునేవారి యుద్ధవిద్యా సాధన సుమారు 5.3, ఓ మోస్తరు వేగంతో చేసే సాధన 10.3, తాయ్‌చీ 3. అంటే 55 కిలోల స్త్రీ గంటకు మొదటిదానిలో దాదాపు 290, రెండోదానిలో 565 కిలోక్యాలరీలు ఖర్చు చేస్తుంది. అది కదిలిన గంట. మాస్టర్ ఉపన్యాసం వింటూ నిలబడిన సమయాన్ని ఇందులోంచి తీసేయాలి. పెద్దలు వారానికి 75 నుంచి 150 నిమిషాలు తీవ్రమైన వ్యాయామం, రెండు రోజులు కండరాల సాధన చేయాలన్న ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన, వారానికి మూడు మంచి క్లాసులతో చాలావరకు నెరవేరుతుంది. మోకాలి జాగ్రత్త తప్పదు. దూకి, గిరుక్కున తిరిగే ఆటల్లో లోపలి ఏసీఎల్ లిగమెంటు తెగడం పురుషుల కంటే స్త్రీలలో కనీసం రెండు రెట్లు ఎక్కువ. తొడ వెనుక కండరాలకు, ఒంటికాలి మీద దిగడానికి సాధన లేకుండా తన్నులు మొదలుపెట్టించే క్లాసుకు దూరంగా ఉండటం మంచిది.

నలభై ఐదు దాటినవారికి చెప్పాల్సింది వేరు. ముట్లుడిగాక ఎముకలు పలచబడతాయి; పక్కకు పడితే తుంటి ఎముకకు, చేయి ఆనిస్తే మణికట్టుకు ముప్పు. నెదర్లాండ్స్ పరిశోధకులు అనుభవమున్న జూడో సాధకుల చేత పక్కకు పడే పరీక్షలు చేయించారు. చేతిని అడ్డుపెట్టి ఆపుకోవడం కంటే, దొర్లుతూ పడినప్పుడు తుంటి మీది తాకిడి పావువంతుకు పైగా తగ్గింది. ఈ వయసులో చేరేవారు ముందు ఒక రోజు క్లాసు బయట కూర్చుని చూడాలి. మెత్తని మ్యాట్ ఉందా, కొత్తవారికి మొదటి వారాల్లో పడటం నేర్పుతున్నారా, జోడీలు ఒకరినొకరు నిజంగా ఆపుతున్నారా, ‘చాలు’ అనగానే వదిలేస్తున్నారా అన్నవి గమనిస్తే, గోడ మీది పతకాలను లెక్కపెట్టే అవసరం ఉండదు.