కొలువు ఇంటికొచ్చింది!

పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా షాపులో నిలబడే ఉద్యోగం. ఇంట్లో ఏడాది నిండని బిడ్డ. 'మానేస్తే పూట గడిచేదెట్లా? మానకపోతే బిడ్డను చూసేదెవరు?' వికారాబాద్, తాండూరు లాంటి ఊళ్లలో ఎందరో తల్లులకు ఎదురయ్యే ప్రశ్న ఇది. కొందరు కౌంటర్ వదిలి కుట్టుమిషన్ ముందు కూర్చుంటారు. ఇంకొందరు జొన్నరొట్టెల పెనం వెలిగిస్తారు. ఆ మార్పులో లాభమెంత, నష్టమెంత? ముందే వేసుకోవాల్సిన లెక్కలేమిటి?

అనంతగిరి కొండలు, మూసీ పుట్టిల్లు... వికారాబాద్ అనగానే గుర్తొచ్చేవి ఇవే. తాండూరు అంటే నాపరాయి, కందిపప్పు. ఇక్కడి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లా కేంద్రమైంది. ఈ రెండు పట్టణాలనూ సికింద్రాబాద్-వాడి రైలుమార్గం కలుపుతుంది. పల్లెల నుంచి పెళ్లి బట్టలకీ, పండగ సామాన్లకీ జనం వచ్చేదీ ఇక్కడికే. చదువు ఇంటర్‌తోనో డిగ్రీతోనో ఆగిన అమ్మాయిలకి బట్టల షాపులూ ఫ్యాన్సీ స్టోర్లూ సూపర్ మార్కెట్లూ చేతికందే మొదటి కొలువు. పెళ్లయ్యాక కూడా చాలామంది అందులోనే కొనసాగుతారు. చిక్కంతా బిడ్డ పుట్టాకే మొదలవుతుంది.

ఎందుకంటే షాపు వేళలకీ బిడ్డ వేళలకీ అస్సలు పొసగదు. అంగన్‌వాడీ షాపు మూసేదాకా ఉండదు. బడి సాయంత్రానికి వదిలేస్తారు. షాపులో బేరాలు ఊపందుకునేదే సాయంత్రం! దసరా, రంజాన్, పెళ్లిళ్ల సీజన్... లోకమంతా సెలవు పెట్టుకునే రోజుల్లోనే సేల్స్ గర్ల్‌కి సెలవు దొరకదు. బిడ్డకి జ్వరమొచ్చిన రోజు సెలవు అడగాలంటే నోరు పెగలదు.

చట్టం ఇచ్చిందేమిటి?

షాపుల్లో పనివేళలకి చట్టం ఎప్పట్నుంచో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1988లో వచ్చిన దుకాణాలు, సంస్థల చట్టమే తెలంగాణలోనూ కొనసాగింది. దాని ప్రకారం దుకాణాల్లో పని రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు. వారానికో సెలవు. అంతకు మించి చేయిస్తే రెట్టింపు వేతనం. మరి రోజంతా నిలబడే కాళ్ల సంగతో? కేరళలో కోజికోడ్ బట్టల షాపుల మహిళలు 'కూర్చునే హక్కు' కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో ఆ రాష్ట్రం చట్టాన్ని సవరించి సిబ్బందికి కుర్చీ తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది.

ఇక ప్రసవం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించారు. అంతకుముందు 12 వారాలున్న జీతంతో కూడిన సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకీ 26 వారాలైంది. పదిమంది, అంతకు మించి పనిచేసే షాపులకి ఇది వర్తిస్తుంది. ప్రసవం తేదీకి ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఈఎస్ఐ ఉన్న షాపులో అయితే నిబంధనల మేరకు ఆ డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది. 50 మంది, ఆపైన ఉన్నచోట పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు.

ఆ సవరణలోనే ఇంకో మాట కూడా ఉంది. సెలవు పూర్తయ్యాక, పని స్వభావాన్ని బట్టి, యజమానితో ఒప్పందం మేరకు ఇంటి నుంచి పనిచేయొచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగమైతే ఇంటికి తెచ్చుకోవచ్చు... చీరల కౌంటర్‌ని తెచ్చుకోవడం ఎలా? పైగా చిన్న ఊళ్లలో చాలా షాపుల్లో పనిచేసేవాళ్లు పదిమంది కూడా ఉండరు. అందుకే సేల్స్ గర్ల్‌కి 'ఇంటి నుంచి పని' అంటే ఉన్న ఉద్యోగం మానేసి కొత్త పని వెతుక్కోవడమే.

అయితే తొందరపడి ప్రసవానికి ముందే రాజీనామా రాసిచ్చేస్తే సెలవు జీతం చేజారే ప్రమాదం ఉంది. మానేయాలన్న నిర్ణయం సెలవు వాడుకున్నాక తీసుకున్నా ఆలస్యం కాదు. ఒకేచోట అయిదేళ్లు నిండినవాళ్లు గ్రాట్యుటీ సంగతి కూడా అడగాలి. పదిమందికి తక్కువ కాకుండా ఉన్న షాపైతే, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున లెక్కకట్టి ఇవ్వాలి. అయిదేళ్లు నిండటానికి మూడు నెలలుందనగా మానేస్తే నష్టపోయేది ఎవరు?

కాగితం మీద లెక్క

మానేయాలా వద్దా అనేది కన్నీళ్లతో కాదు, కాగితం కలంతో తేల్చుకోవాలి. ఉదాహరణకి జీతం నెలకి 12 వేలు అనుకుందాం. రానుపోను ఆటో, రైలు పాసు 1,500. బిడ్డను చూసుకునే ఆవిడకి మూడువేలు. షాపులో టీ, చిరుతిండి, యూనిఫామ్ లాంటివి వెయ్యి. అన్నీ పోను మిగిలేది 6,500. అంటే ఇంటి దగ్గర సంపాదించాల్సింది 12 వేలు కాదు... 6,500.

జాకెట్లు కుట్టే తల్లికి దారం, లైనింగు, హుక్కులు, కరెంటు ఖర్చులు పోను ఒక్కోదానికి వంద రూపాయలు మిగిలాయనుకుందాం. నెలకి 65 జాకెట్లు కుడితే సరి. నెలలో 26 రోజులు పనిచేస్తే రోజుకి రెండో మూడో! అయితే ఇక్కడో కనపడని అంకె ఉంది. షాపులో పీఎఫ్ ఉంటే యజమాని తన వాటాగా 12 శాతం, అంటే 12 వేల మీద 1,440 రూపాయలు జమ చేస్తాడు. అదీ కలిపితే లక్ష్యం 80 జాకెట్ల దాకా వెళ్తుంది. ఈఎస్ఐ వైద్యం సరేసరి. ఇంకో సంగతి... జీతం ఏడాదికి పన్నెండుసార్లు వస్తుంది. జాకెట్లు మాత్రం పెళ్లిళ్ల సీజన్లో గుట్టలుగా, శూన్యమాసంలో ఒకటీ అరాగా వస్తాయి. అందుకే కనీసం మూడు నెలల ఇంటిఖర్చు చేతిలో పెట్టుకుని మానేయడం మంచిది.

అన్నిటికంటే మేలైన దారి, మానకముందే మొదలుపెట్టడం. ప్రసూతి సెలవు పూర్తయ్యాక, వారాంతపు సెలవు రోజుల్లో నాలుగు ఆర్డర్లు తీసుకుని చూస్తే ఎంత పని వస్తుందో, ఎంత సమయం పడుతుందో తెలిసిపోతుంది.

కౌంటర్ నేర్పిన విద్య

షాపులో పనిచేసినవాళ్ల దగ్గర డిగ్రీ పట్టాలో లేని విద్య ఒకటుంటుంది. వచ్చినావిడ చీర వైపు చూసే చూపుని బట్టే కొంటుందో లేదో చెప్పేయగలరు. ఏ రంగు ఏ పండక్కి పోతుందో, బేరం ఎక్కడ తెగుతుందో వాళ్లకి కొట్టినపిండి. ఇంట్లో పెట్టే వ్యాపారానికి అసలు పెట్టుబడి అదే.

చీరలమ్మిన అనుభవం ఉంటే ఫాల్, పీకో, జాకెట్లు, మగ్గం వర్క్ దగ్గరి దారి. వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి చీరలమ్మే పద్ధతి కూడా బాగా పాకింది. 2015లో బెంగళూరులో మొదలైన మీషో లాంటి సంస్థలు ఎదిగింది ఇలా ఇంటి నుంచి అమ్మే మహిళల ఆసరాతోనే. ఇందులో సరుకు నిల్వ పెట్టుకోనక్కర్లేదు. కానీ నచ్చక వెనక్కొచ్చిన చీర సంగతేమిటో, తెలిసినవాళ్లు పెట్టిన బాకీ ఎప్పుడొస్తుందో చూసుకోకపోతే లాభం కాస్తా మాయమైపోతుంది.

వంట బాగా వచ్చినవాళ్లకి ఈ ప్రాంతం పెట్టింది పేరు. కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న తాండూరు వైపు జొన్నరొట్టె లేనిదే ముద్ద దిగనివాళ్లు ఎందరో. చేత్తో రొట్టె తట్టే ఓపిక ఇళ్లలో తగ్గేకొద్దీ చేసిపెట్టేవాళ్లకి గిరాకీ పెరుగుతోంది. పేరున్న కందిపప్పు చేతికందే చోటే కందిపొడి చేస్తే దానికి వేరే ప్రచారం ఎందుకు? సంక్రాంతికి సకినాలు, పెళ్లిళ్లకి అరిసెలు ఉండనే ఉన్నాయి. అయితే ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు తప్పనిసరి. ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద ఉంటే కొనేవాళ్లకీ నమ్మకం.

నర్సాపురం చెప్పే పాఠం

ఇంట్లో కూర్చుని పనిచేయడం తెలుగువాళ్లకి కొత్తేం కాదు. పశ్చిమగోదావరిలోని నర్సాపురం లేసు అల్లికలు ఇళ్లలో పుట్టి విదేశాలకు వెళ్లాయి. క్రైస్తవ మిషనరీలు 19వ శతాబ్దంలో నేర్పిన ఆ అల్లికని వేలమంది ఆడవాళ్లు ఇంటి అరుగుల మీదే చేశారు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ వాళ్ల జీవితాలను పరిశీలించి 1982లో పుస్తకం రాశారు. అందులో తేలిందేమిటంటే, ఆ ఆడవాళ్లను ఎవరూ కార్మికులుగా చూడలేదు. 'ఇల్లాలు ఖాళీ సమయంలో ఏదో అల్లుకుంటోంది' అనుకున్నారు. ఆ మాట చాటునే కూలి తక్కువగా ఉండిపోయింది. లాభం మాత్రం వ్యాపారులకీ ఎగుమతిదారులకీ చేరింది.

దీనికి భిన్నమైన కథ లిజ్జత్ అప్పడాలది. 1959లో ముంబయిలో ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టారు. కలిపిన పిండిని సభ్యులు ఇంటికి తీసుకెళ్లి, అప్పడాలు ఒత్తి తెచ్చిస్తారు. అక్కడా పని ఇంట్లోనే. కానీ సంస్థ వాళ్లదే, లాభమూ వాళ్లదే. తేడా పనిలో లేదు, ధర ఎవరు నిర్ణయిస్తారన్నదాంట్లో ఉంది. ఒంటరిగా దళారీ దగ్గరికి వెళ్లే తల్లికీ, పదిమందితో కలిసి వెళ్లే తల్లికీ దక్కే ధర ఒకటి కాదు.

'ఇంట్లోనేగా ఉంటున్నావ్!'

ఇంటి నుంచి పనిచేసే తల్లికి అసలు శత్రువు ఈ మాటే. షాపుకెళ్లే రోజుల్లో అత్తగారో ఆడపడుచో చేసిపెట్టిన పనులన్నీ మానేసిన మర్నాటి నుంచి ఆమె నెత్తిన పడతాయి. బంధువులొస్తే టీ, గ్యాస్ బండి వస్తే సంతకం... మిషన్ మీది జాకెట్టు అలాగే ఉండిపోతుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సర్వే ప్రకారం జీతం రాని ఇంటిపనికి రోజుకి ఆడవాళ్లు వెచ్చించేది 299 నిమిషాలు, మగవాళ్లు 97. 2024లో మళ్లీ లెక్కిస్తే అవి 289, 88 అయ్యాయి. అయిదేళ్లలో ఆడవాళ్ల పని పది నిమిషాలు తగ్గితే మగవాళ్లది తొమ్మిది నిమిషాలు తగ్గింది!

కాబట్టి మానేసే ముందు ఇంట్లో ఒక ఒప్పందం జరగాలి. ఏ గంట నుంచి ఏ గంట దాకా పని? ఆ సమయంలో బిడ్డను ఎత్తుకునేదెవరు? బిడ్డ చుట్టూ తిరుగుతుంటే కత్తెర, సూది, వేడి పెనం ఎక్కడ పెట్టాలి? అన్నిటికంటే ముఖ్యంగా, వచ్చిన డబ్బు ఎవరి ఖాతాలో పడాలి? జీతం ఆమె పేరున పడినట్టే ఇదీ ఆమె పేరునే పడాలి. లేకపోతే ఆరు నెలలు తిరిగేసరికి 'నువ్వేం సంపాదిస్తున్నావ్?' అన్న ప్రశ్న తప్పదు.

డబ్బు అడిగితే... ఉద్యోగం కాదు

ఇంటిపని వెతుక్కునే తల్లుల కోసం వలలు పన్నేవాళ్లూ ఉన్నారు. 'వీడియోలకి లైక్ కొట్టండి, రోజుకి వేలు సంపాదించండి' అని మెసేజ్ వస్తుంది. మొదట్లో నిజంగానే వంద, రెండొందలు ఖాతాలో పడతాయి. తర్వాత 'టాస్క్' పేరుతో వేలు కట్టమంటారు. కట్టాక ఫోను ఎత్తరు. డేటా ఎంట్రీ, పెన్నుల ప్యాకింగ్ అంటూ ముందు 'రిజిస్ట్రేషన్ ఫీజు' వసూలు చేసేదీ ఇలాంటి బాపతే. పని ఇచ్చేవాడు డబ్బిస్తాడు గానీ అడగడు! మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

అండ ఎక్కడ?

పొదుపు సంఘం ఉండనే ఉంది. పల్లెల్లో సెర్ప్, పట్టణాల్లో మెప్మా పరిధిలోని సంఘాల ద్వారా బ్యాంకు అప్పు దొరుకుతుంది. 2011లో ఏర్పడిన స్త్రీనిధి సంఘాల మహిళలకు రుణాలిచ్చేందుకే పుట్టింది. 2015లో మొదలైన ముద్ర పథకంలో 'శిశు' విభాగం కింద 50 వేల దాకా హామీ లేకుండా ఇస్తారు. కుట్టుమిషన్‌కీ, ఓవర్‌లాక్ మిషన్‌కీ అది సరిపోతుంది. 2020లో వచ్చిన ఉద్యమ్ నమోదు ఉచితం. పీఎఫ్, ఈఎస్ఐ వదులుకున్నాక అసంఘటిత కార్మికురాలిగా ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. 'ఇల్లాలు' అని కాకుండా 'కార్మికురాలు' అని రాసి ఉన్న కాగితం ఒకటి చేతిలో ఉండటం నర్సాపురం ఆడవాళ్లకి దక్కని భాగ్యం.

బిడ్డకి మూడేళ్లు దాటాక అంగన్‌వాడీ, ఆ తర్వాత బడి. తల్లికి మళ్లీ కొన్ని గంటలు చిక్కుతాయి. అప్పటికి ఇంట్లోని మిషన్ పక్కన రెండో మిషన్ చేరొచ్చు. లేదా మళ్లీ షాపు తలుపు తట్టాలనిపించొచ్చు. అందుకే మానేసేటప్పుడు యజమానితో గొడవపడకుండా, అనుభవ ధ్రువపత్రం అడిగి తీసుకుని రావడం తెలివైన పని. బీరువాలో పెళ్లి పట్టుచీర పక్కనే ఆ కాగితాన్నీ భద్రంగా దాచుకోవాలి. ఏదో ఒకరోజు చీర కంటే అదే ఎక్కువ అక్కరకు రావచ్చు.